కుర్చీకి రెండు కాళ్లు హాల్లో, రెండు డైనింగ్‌లో

దేశాల మధ్య సరిహద్దు గీయాలంటే నదో, కొండో దొరుకుతుంది. హాలుకీ డైనింగ్‌కీ మధ్య అలాంటి సదుపాయం లేదు. ఉన్న ఒక్క గోడనీ ప్లాన్ గీసేటప్పుడే మేం పట్టుబట్టి తీయించేశాం, ఇల్లు విశాలంగా కనపడుతుందని. గోడ పోయిన మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ: హాలు ఎక్కడిదాకా, డైనింగ్ ఎక్కణ్ణుంచి? ఆ సంగతి టైల్సే తేల్చాలని తీర్మానించాం. గోడ చెయ్యాల్సిన పని నేలకి అప్పగిస్తున్నామని ఎవరికీ తట్టలేదు.

ఈ విషయంలో ఇంట్లో మూడు వర్గాలు. మా ఆవిడది సమైక్యవాదం: ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకే టైల్. మా అమ్మాయిది విభజనవాదం: హాల్లో మార్బుల్ డిజైను, డైనింగ్‌లో చెక్క డిజైను. మా నాన్నది మధ్యేమార్గం: నడుమ నల్ల బార్డరు. నాకు సొంత అభిప్రాయమంటూ ఏమీ లేదు కాబట్టి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

షోరూముల్లో నాకు అర్థం కాని సంగతొకటుంది. నేల మీద వెయ్యాల్సిన టైల్‌ని గోడకి నిలబెట్టి చూపిస్తారు. పైనుంచి లైట్లు. మనం నాలుగడుగులు వెనక్కేసి, తల పక్కకి వాల్చి, చిత్రకళా ప్రదర్శనకి వచ్చినవాళ్లలా చూస్తాం. ఇంటికొచ్చాక అది పడుకుంటుంది. దాని మీదికి సోఫా ఎక్కుతుంది, సోఫా ముందు తివాచీ ఎక్కుతుంది, మిగిలిన దాని మీద చెప్పులు. "ఒకసారి కింద పెట్టి చూపిస్తారా?" అని అడిగాను. సేల్స్‌మన్ నా వంక జాలిగా చూశాడు.

రంగుల దగ్గర నాలుగు ఆదివారాలు గడిచాయి. ఆఫ్ వైట్, ఐవరీ, క్రీమ్, బోన్, బీజ్. ఈ అయిదూ ఒకటేనన్న మనిషితో మా ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆ మనిషిని నేనే. తీరా శాంపిల్ పీసు ఇంటికి తెస్తే, పసుపు కాంతినిచ్చే 2700 కెల్విన్ (కాంతి రంగుకి కొలత) బల్బు కింద ఐవరీ కాస్తా పసుపయింది. తెల్లటి 6500 కెల్విన్ ట్యూబులైటు కింద అదే పీసు నీరసంగా, రక్తం తక్కువైనదానిలా కనపడింది. టైల్ మార్చాలా, బల్బు మార్చాలా అన్నది ఉపసంఘానికి వదిలాం.

చివరికి అందరి కళ్లూ స్టాచువారియో డిజైను మీద పడ్డాయి. అసలు స్టాచువారియో ఇటలీలో కరారా కొండల్లో దొరికే పాలరాయి. మైకెలాంజెలో శిల్పాలు చెక్కింది కరారా రాతితోనే. మనకొచ్చేది దాని ఫొటో. రాతిని ఫొటో తీసి, ఇంక్‌జెట్‌తో పలక మీద అచ్చేసి, బట్టీలో కాలుస్తారు. ఫొటోలు ఎన్ని వాడితే ఆ డిజైనుకి అన్ని 'ఫేసులు' అంటారు. మేం తీసుకున్నదానికి నాలుగు. అందులో ఒక ఫేసులో బూడిదరంగు చార అచ్చం బాతులా ఉంది. ముక్కుంది, మెడుంది, తోకుంది. ముందు చూసింది మా అమ్మాయి. అది చూపించాక ఇంకెవరికీ మార్బుల్ కనపడలేదు. మా నేలకి పట్టేవి 60 టైల్స్, ఫేసులు నాలుగు, అంటే పదిహేను బాతులు. సగం టైల్స్ తిప్పి వేస్తే తేడా తెలీదని సేల్స్‌మన్ సలహా ఇచ్చాడు. నిజమే, ఏడు బాతులు వెల్లకిలా ఉంటాయి.

ఇన్ని వారాల్లో ఎవరూ అడగనిది ఒక్కటే: జారుతుందా? దీనికి జర్మనీలో పుట్టిన పరీక్ష ఉంది. ఒక మనిషికి బూట్లు తొడిగి, నూనె రాసిన ర్యాంపు మీద ముందుకీ వెనక్కీ నడిపిస్తూ ర్యాంపుని మెల్లగా పైకి లేపుతారు. ఆయన ఎన్ని డిగ్రీల దగ్గర జారితే దాన్నిబట్టి ఆర్9 నుంచి ఆర్13 దాకా మార్కులు. ఆర్9 రావాలంటే ఆరు డిగ్రీలు చాలు. పరీక్ష రాసేది టైల్, పడేది మనిషి. మేం మెచ్చిన అద్దంలాంటి టైల్‌కి ఎన్ని మార్కులొచ్చాయని అడిగితే, "మొహం ఎంత క్లియర్‌గా కనపడుతోందో చూడండి సార్" అన్నాడు సేల్స్‌మన్. చూశాను. జారి పడబోయేవాడి మొహంలాగే ఉంది.

విభజనవాదాన్ని ఓడించింది మాత్రం మా వాదనలు కావు, మేస్త్రీ. చెక్క డిజైను పలక నాలుగడుగుల పొడవు. అంత పొడుగు టైల్ బట్టీలోంచి వచ్చేసరికి నడుం దగ్గర వెంట్రుకవాసి లేచి ఉంటుందట. ఇటుకల్లా సగానికి సగం జరిపి పేరిస్తే ఒకదాని నడుం పక్కకి ఇంకోదాని చివర వచ్చి, అంచు కాలికి తగులుతుంది. మూడోవంతుకి మించి జరపకూడదు. దానికితోడు రెండు డిజైన్లలో ఒకటి 9 మిల్లీమీటర్ల మందం, ఇంకోటి 11. "కింద లెవెల్ చేస్తా గానీ సార్, కాస్త తేడా వచ్చినా సరిహద్దు దాటిన ప్రతిసారీ కాలి బొటనవేలు చెప్తుంది," అన్నాడు. సమైక్యవాదం గెలిచింది. మా నాన్న బార్డరు చర్చకే రాలేదు. ఆయన అలిగి వారం రోజులు హాల్లోనే ఉన్నారు, అంటే హాలని ఆయన అనుకున్న చోట.

ఇక గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపేది. టైల్‌కి రెండు నెలలు పట్టిన కుటుంబం గ్రౌట్‌కి తీసుకున్న సమయం నాలుగు సెకన్లు. మేస్త్రీ ఫోన్ చేసి "జాయింట్లకి ఏ కలర్ సార్?" అన్నాడు. నేను మీటింగులో ఉండి "తెలుపు వేసెయ్" అన్నాను. మామూలు సిమెంటు గ్రౌటు. ఇప్పుడు డైనింగ్ టేబుల్ కింద ఏ రోజు ఏం ఒలికిందో ఆ తెల్ల గీతల మీది మరకలు చూసి చెప్పొచ్చు.

ఇప్పుడు నా అధ్యక్ష హోదాలో నేను తీసుకున్న ఒకే ఒక్క స్వతంత్ర నిర్ణయం గురించి. కోతలకీ పగుళ్లకీ పది శాతం ఎక్కువ తీసుకోమని షాపులో చెప్పారు, మేస్త్రీ చెప్పాడు, ఆఖరికి పక్కింటాయన కూడా చెప్పాడు. మిగిలినవాటితో ఏం చేసుకుంటాం, దండగ అన్నాను. లెక్కకి 60, కొన్నది 60. హాలు చివర్నుంచి ఒకరు, డైనింగ్ చివర్నుంచి ఒకరు సొరంగం తవ్వేవాళ్లలా పేర్చుకుంటూ వచ్చి నడుమ కలుసుకునేసరికి సరిగ్గా ఒక వరుస తక్కువైంది. ఏడు టైల్స్. అదే పేరు, అదే నంబరు, అదే సైజు చెప్పి తెప్పించాం. డబ్బా మీద బ్యాచ్ నంబరు ఒక్కటే వేరు. బట్టీలో ఒక్కో విడత ఒక్కో ఛాయ వస్తుందని, అందుకే అన్ని డబ్బాల మీదా షేడు, బ్యాచ్ ఒకటేనో కాదో చూసుకుని దింపుకోవాలని తర్వాత తెలిసింది. టైల్స్ అతికి, గమ్ము ఆరి, మేస్త్రీ డబ్బులు తీసుకుని వెళ్లాక తెలిసింది.

ఇప్పుడు మా ఇంటి మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడకి, బూడిద కలిసిన తెలుపులో ఒక చార ఉంది. అది డైనింగ్ టేబుల్‌కి ఇవతలగా పోతుంది. నా కుర్చీకి రెండు కాళ్లు దాని మీద, రెండు కాళ్లు అవతల. కొత్త బ్యాచ్‌లో కూడా రెండు బాతులొచ్చాయి, కాస్త నల్లగా.

మొన్న ఇల్లు చూడ్డానికి వచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "హాలుకీ డైనింగ్‌కీ మధ్య బార్డరు భలే ఇచ్చారండీ. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఎవరి ఐడియా?"

మా నాన్న గొంతు సవరించుకుని, సోఫాలోంచి లేచారు.