నాలుగు కుట్లు వేశాం, కొలతలు దేవుడెరుగు

"పొట్ట మీద గాయం. కడిగి నాలుగు కుట్లు వేశాం. ఇంటికి పంపాం." వేమనకైనా నాలుగు పాదాలు కావాల్సొచ్చింది, ఈ డాక్టరుగారికి మూడు ముక్కలతో పనైపోయింది. అమెరికాలో రాసిన ఈ నోట్ కడప ఎర్రముక్కపల్లిలో ఓ అద్దెగది లాప్‌టాప్‌లో దిగుతుంది. దాన్ని కళ్లకద్దుకోవాల్సిన కోడర్ పిల్లలు, అంటే ఇన్సూరెన్స్ బిల్లు కోసం నోట్‌ను కోడ్‌లుగా మార్చేవాళ్లు, మర్యాద తెలియక ప్రశ్నలు మొదలుపెడతారు.

కత్తి పెరిటోనియం, అదే పొట్ట లోపలి పొర, దాటిందా? దాటకపోతే గాయం కోడ్ ఎస్31.1, దాటితే ఎస్31.6. లోపల కాలేయమో పేగో తెగితే ముందు ఎస్36 వేసి, ఇది తర్వాత. గాజుపెంకు మిగిలిందా? ఉంటే ఎస్31.12, లేకపోతే ఎస్31.11. పొట్టలో ఏ మూల? కోడ్‌లో తర్వాతి అంకె అదే చెబుతుంది: కుడి పైన 0, ఎడమ పైన 1, రొమ్ము కింద నడుమ 2, కుడి కింద 3, ఎడమ కింద 4, బొడ్డు చుట్టూ 5. రాయకపోతే 9. ఎదురుగా నిలబడి కుట్టిన మనిషికి ఏ వైపో తెలియదంటే ఇన్సూరెన్స్ వాళ్లు నమ్మరు, అదేం చాదస్తమో. కోడ్ చివర్న ఓ అక్షరం, చికిత్స నడుస్తుంటే ఎ, మానుతున్న గాయానికి కుట్లు విప్పడానికొస్తే డి. "మా దగ్గరికి మొదటిసారే కదా" అని విప్పే రోజూ ఎ వేసేవాళ్లున్నారు.

అసలు గొడవంతా స్కేలు దగ్గర. కుట్ల లెక్కకు పైసా రాదు, పొడవుకు వస్తుంది. కుట్టిన పనికి వేరే కోడ్: చర్మం ఒక్క పొర కుడితే 2.5 సెం.మీ. దాకా 12001, 2.6 నుంచి 7.5 దాకా 12002, 7.6 నుంచి 12.5 దాకా 12004. ఒకే రకంగా కుట్టిన రెండు గాయాలుంటే పొడవులు కూడాలి. 4, 3.5 అయితే 12002; 4, 3.6 అయితే 12004. ఒక్క మిల్లీమీటరు! కింది కొవ్వు పొర కూడా కుడితే 12031 వరుస, కానీ ఆ మాట నోట్‌లో ఉండాలి. ఉత్త అంటుపట్టీలు వేస్తే కుట్టు కోడే లేదు, విజిట్ కోడ్‌తో సరి. కొలత రాయకపోతే పది సెంటీమీటర్లు కుట్టినా 12001తోనే సరిపెట్టుకోవాలి.

డాక్టర్లకు కొలవడం రాదనుకోకండి. మన సర్కారు ఆసుపత్రి క్యాజువాల్టీకి పోలీసు కేసు వస్తే, ఎంత రద్దీలోనైనా గాయం పొడవు, వెడల్పు, లోతు వూండ్ సర్టిఫికెట్‌లో పడాల్సిందే. రేపు కోర్టు సమన్లొస్తాయి మరి. పాపం కోడర్ సమన్లు పంపలేడు.

కారణానికీ కోడుంది. ఎద్దు కొమ్ముతో పొడిస్తే డబ్ల్యు55.22, కత్తి పొరపాటున తగిలితే డబ్ల్యు26.0, ఎవరో పొడిస్తే ఎక్స్99.1. ఉద్దేశం రాయకపోతే ప్రమాదం కిందే లెక్క. సీమ సినిమాలు తీసేవాళ్లు ఒప్పుకోరు గానీ నియమం అదే.

ఇక క్వెరీ, అంటే నోట్‌లో లేనిది డాక్టర్ని అడగడం. "లోపలి పొర కూడా కుట్టారు కదా సార్?" అని అడగకూడదు, అది జవాబు అందించినట్టు. "ఏ పొరలు మూశారు, పొడవెంత?" అనాలి. ఆలస్యంగానైనా జవాబొస్తుంది: "చార్ట్ చూడండి." ఈలోగా కోడర్ పనికి ఆడిట్, 95 శాతం కచ్చితత్వం ఉండాలని పట్టు, టీమ్ లీడ్ పిలుపు.

"ఏమ్మా, ఊహించి వేసినావా?"

"లేదన్నా. కొలత లేదు, 12001 వేసినా."

"రూల్ ప్రకారం కరెక్టే. డబ్బులు తక్కువొచ్చినాయని డాక్టరు నిన్ను అడుగుతాండాడు."