మూడు డాలర్ల దేవుడు

శనివారం పొద్దున తొమ్మిదింటికి థ్రిఫ్ట్ స్టోరు తలుపు తీస్తారు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఇలాంటి పాత సామాన్ల కొట్లకు కొదవ లేదు. నేను వెళ్ళే కొట్టు ముందు ఎనిమిదీ ముప్పావుకే పది మందిమి చేరతాం. ఉత్తర ద్వార దర్శనానికి వచ్చినంత ఆత్రం ఉంటుంది గానీ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడితే దేనికోసం వచ్చామో బయటపడిపోతుంది. పాత గాజు గిన్నెలు ఏరుకునే ఆవిడ అద్దంలోంచి దుప్పట్ల వైపు చూస్తున్నట్టు నటిస్తుంది. పాత జీన్స్ కుర్రాడు ఆకాశం చూస్తాడు. నేను దేవుళ్ళ కోసం వచ్చాను కాబట్టి నేల చూపులు చూస్తాను.

దేవుళ్ళంటే మన వాళ్ళు కాదు, హవాయి వాళ్ళవని చెప్పుకునే టికీలు. గుడ్లు మిటకరించి, పళ్ళు ఇకిలించి, కోపమో అజీర్తో తేలని మొహంతో ఉండే పింగాణీ మగ్గులు. వాటి పరివారంగా కారు డాష్‌బోర్డు మీద నడుం తిప్పే హులా బొమ్మలు, లావాతో చేసిన నల్ల విగ్రహాలు, చెక్క పళ్ళేలు, పువ్వుల చొక్కాలు. ఈ రంగంలో ఆరేళ్ళుగా నేను చేస్తున్న కృషికి ఏ సంఘమూ ఇంతవరకు ఒక శాలువా కప్పలేదు, ఒక మెమెంటో ఇవ్వలేదు. అంచేత నా శాస్త్రం గురించి నేనే రాసుకోవలసి వస్తోంది.

ముందు స్థలపురాణం. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య ఉన్న హవాయి దీవుల పాత మతాన్ని 1819లో అక్కడి రాజే రద్దు చేశాడు. గుళ్ళు పడగొట్టారు, విగ్రహాలు తగలబెట్టారు. 1893లో రాణి లిలియుఒకలానిని గద్దె దించారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. దేవుడూ పోయి రాజ్యమూ పోయాక, ఇక ఎవరూ అడ్డు చెప్పరని తేలాక, హాలీవుడ్‌లో భక్తి మొదలైంది. 1933 చివర్లో మద్యనిషేధం ఎత్తేశారు. ఎర్నెస్ట్ గాంట్ అనే ఆయన డాన్ బీచ్ అని పేరు మార్చుకుని, వెదురు తడికలు, చేపల వలలు, కొబ్బరి చిప్పలు తగిలించి రమ్ము పోయడం మొదలుపెట్టాడు. ఇదే సామాను కోనసీమలో ఉంటే పాక అంటాం. హాలీవుడ్‌లో ఉంటే వాతావరణం అంటారు. ఓక్లండ్‌లో విక్టర్ బెర్జెరాన్ ట్రేడర్ విక్ అవతారమెత్తి అదే పని చేశాడు. మాయ్ టాయ్ అనే పానీయాన్ని 1944లో తానే కనిపెట్టానన్నాడు. కాదు నాదేనని డాన్ అన్నాడు. కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా తగాదా చూసినవాళ్ళకి ఇది కొత్తగా ఏమీ ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధానికి పసిఫిక్ వెళ్ళిన సైనికులు తిరిగొచ్చారు. 1959లో హవాయి 50వ రాష్ట్రమైంది, అదే ఏడాది అక్కడికి జెట్ విమానాలు వెళ్ళడం మొదలుపెట్టాయి. ఇక ఊరూరా టికీ బార్లే. బారుకి మగ్గులు కావాలి. అవి ఎక్కడ తయారయ్యాయి? చాలావరకు జపాన్‌లో. ఆ రోజుల్లో ‘ఆర్కిడ్స్ ఆఫ్ హవాయి’ అని ఒక పెద్ద కంపెనీ ఉండేది. పేరు చూసి హవాయి రాజధాని హొనొలులు బస్సెక్కకండి, వాళ్ళ కొట్టు న్యూయార్క్‌లో. ఆ మగ్గుల్లో తాగించిన వాళ్ళలో చైనీస్ రెస్టారెంట్ల వాళ్ళూ బోలెడు మంది. పోనీ మొహమైనా హవాయిదా అంటే, పొడుగు ముక్కు ఉన్నవన్నీ ఈస్టర్ ఐలాండ్ రాతి విగ్రహాల పోలికలు. అక్కడికీ హవాయికీ మధ్య 7 వేల కిలోమీటర్ల సముద్రం. టికీ అన్న మాట న్యూజిలాండ్ మావోరీలూ మార్కేసస్ దీవుల వాళ్ళూ వాడేది. హవాయి వాళ్ళు ‘కిఇ’ అంటారు.

ఇదంతా విని నకిలీ అని కొట్టిపారేసే వాళ్ళుంటారు. వాళ్ళు పామరులు. మా శాస్త్రం మొదలయ్యేది సరిగ్గా ఆ మాట దగ్గరే. నకిలీల్లో రెండు జాతులు. 1962లో జపాన్‌లో పోతపోసింది అసలు నకిలీ. నిరుడు చైనాలో పోతపోసి బర్త్‌డే పార్టీల కొట్లో అమ్మింది నకిలీ నకిలీ. మొదటిది దొరికితే కళ్ళకద్దుకుంటాం. రెండోది పొరపాటున తాకితే చెయ్యి దులుపుకుంటాం. రెండూ ఒకే మొహం, ఒకే పళ్ళు. మరి తేడా ఎక్కడుంది? అడుగున ఉంది.

కాబట్టి టికీని ఎప్పుడూ మొహం చూసి ఎంచకూడదు. చేతిలోకి తీసుకోగానే తిరగెయ్యాలి. అడుగున మెరుపు లేని గరుకు అంచు, జపాన్ అన్న ముద్ర, అదృష్టం బాగుంటే సగం చిరిగిన కాగితం స్టిక్కరు, ఇవి శుభ లక్షణాలు. మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు అని రాసుంటే ఆ దేవుడికి ఇంకా బారసాల కూడా కాలేదని అర్థం. వీపు మీద రెస్టారెంట్ పేరుంటే మహత్తు పెరుగుతుంది. ఆ రెస్టారెంట్ మూతబడి ఉంటే ఇంకా పెరుగుతుంది. అందుకని మా భక్తులం బతికున్న టికీ బార్ల క్షేమం కోసం పైకి ప్రార్థిస్తాం. లోపల ఏం ప్రార్థిస్తామో అడక్కండి. అప్పట్లో తాగినవాళ్ళు మగ్గుల్ని కోటు కింద దాచుకుని పట్టుకుపోయేవాళ్ళు. నా అల్మరాలోని ఆరాధ్య దైవాల్లో ఎందరు అలా వచ్చినవాళ్ళో నేను విచారించలేదు. కృష్ణుడు కూడా వెన్న దొంగే.

చొక్కాల పరీక్ష వేరు. దానికి కళ్ళక్కర్లేదు. వరసగా వేలాడే చొక్కాల మీద చెయ్యి పోనిస్తూ నడవాలి. పాలియెస్టర్ గరగరలాడుతుంది, పాత రేయాన్ చల్లగా జారిపోతుంది. మా అమ్మ చీరల కొట్లో పట్టు పట్టి చూసే విద్యే ఇది. చల్లగా తగలగానే ఆగి, కొబ్బరి చిప్ప గుండీలున్నాయా, జేబు మీది పువ్వు చొక్కా మీది పువ్వుతో అతుకు కనపడకుండా కలిసిందా చూడాలి. ‘అలోహా షర్ట్’ అన్న పేరుని హొనొలులులో ఎల్లెరీ చున్ అనే దుకాణదారు 1936లో నమోదు చేయించుకున్నాడు. ఆ కాలపు బట్టల మీది అద్దకం చాలావరకు జపాన్‌లో జరిగింది. ఆయనేమో చైనా సంతతి. చొక్కా మీద దేవగన్నేరు పూలు, అదీ బయటినుంచి ఆ దీవులకి తెచ్చిన చెట్టే. నేను తొడుక్కుంటే ఆ పూలు పొట్ట దగ్గర పూర్తిగా విచ్చుకుంటాయని మా ఆవిడ అంటుంది. అది వేరే విషయం.

ఇంత సరుకు ఈ కొట్లలోకి ఎలా వస్తుంది? చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. 1960ల్లో హవాయి వెళ్ళి అపురూపంగా బొమ్మలు మోసుకొచ్చిన దంపతులు ఇప్పుడు వెళ్ళిపోతున్నారు. పిల్లలు వారాంతంలో వచ్చి ఇల్లు ఖాళీ చేస్తారు. తల్లిదండ్రుల హనీమూన్ మొత్తం రెండు అట్టపెట్టెల్లో సర్ది థ్రిఫ్ట్ స్టోరు వెనక గుమ్మం దగ్గర దింపుతారు. మన దగ్గర పోయినవాళ్ళ పేర మంచం, గొడుగు, చెప్పులు దానమిస్తే పుణ్యం వస్తుంది. ఇక్కడ ఆదాయపు పన్ను కోసం రసీదు వస్తుంది. పుణ్యానికి రుజువు లేదు గనుక వాళ్ళ పద్ధతే మేలనిపిస్తుంది. మన ఇళ్ళల్లో అయితే పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వచ్చేది. నాలుగు చీరలకి ఒక డబ్బా. ఆ చీరలు ఇప్పుడు ఏ దేశంలో ఎవరు కళ్ళకద్దుకుంటున్నారో.

ధరల సంగతి. కొట్లో వారానికో రంగు చీటీ ఉన్న సామానుకి సగం ధర. ఆకుపచ్చ వారం, పసుపు వారం, ఇదే మా పంచాంగం. ఒకసారి నీలం చీటీ ఉన్న మగ్గు దొరికింది, నీలం వారం ఇంకా రాలేదు. రెండు డాలర్లు కలిసొస్తాయని దాన్ని తీసుకెళ్ళి రైస్ కుక్కర్ల వెనక దాచాను. మళ్ళీ శనివారం వెళ్తే మగ్గు లేదు. రైస్ కుక్కర్లూ లేవు. ఆ వారమంతా ఇంట్లో అన్నం సహించలేదు.

పైగా ఈమధ్య కొట్టువాళ్ళకీ జ్ఞానోదయమైంది. పళ్ళికిలించిన మగ్గు కనపడగానే గాజు అల్మరాలో పెట్టి, ‘వింటేజ్’ అని రాసి మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించి 25 డాలర్లు వేస్తున్నారు. తీయించి అడుగు చూస్తే మైక్రోవేవ్ మంత్రం. అసలైన నకిలీ ఏమో, ‘లోకంలోకెల్లా మంచి తాతయ్య’ అని రాసిన కాఫీ కప్పు పక్కన 3 డాలర్ల 99 సెంట్లకి అనాథలా నిలబడి ఉంటుంది. అలా రక్షించి తెచ్చిన విగ్రహాలు మా ఇంట్లో నలభై రెండు. ‘ఏవండీ, కందిపప్పు డబ్బా ఎక్కడ పెట్టమంటారు?’ అని మా ఆవిడ అడిగినప్పుడల్లా చరిత్ర పట్ల జనానికి ఉన్న చిన్నచూపు గుర్తొచ్చి బాధపడతాను. లావా బొమ్మ ఇంటికి వచ్చాక ఆవిడ ఎక్కడో చదివింది, అగ్నిపర్వతాల దేవత పేలేకి కోపమొస్తుందని భయపడి జనం హవాయి నుంచి తెచ్చుకున్న రాళ్ళని అక్కడి నేషనల్ పార్కుకి పార్సిల్ చేసి తిప్పి పంపుతుంటారని. అప్పట్నుంచి ఇంట్లో పైపు కారినా, గ్రీన్ కార్డు కదలకపోయినా ఆ బొమ్మ వైపే చూస్తుంది.

అసలు దేవుళ్ళు అసలెక్కడున్నారని మీరు అడగవచ్చు. ‘కూ’ అనే యుద్ధ దేవుడి పెద్ద చెక్క విగ్రహాలు ఆ 1819 మంటల్ని దాటి బతికినవి మూడే. ఒకటి హొనొలులు బిషప్ మ్యూజియంలో, ఒకటి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి మాసచూసెట్స్‌లోని సేలంలో. 2010లో మూడింటినీ హొనొలులులో కొన్నాళ్ళు కలిపి నిలబెట్టారు. ఇక 2017లో పారిస్ వేలంలో ఇంకో చిన్న ‘కూ’ బొమ్మ 60 లక్షల యూరోలు దాటి పలికింది. కొన్న కోటీశ్వరుడు పెద్ద మనసుతో బిషప్ మ్యూజియానికే ఇచ్చేశాడు. తర్వాత కొందరు పండితులు అది అంత పాతది కాదేమోనని సందేహం లేవదీశారు. ఆ వార్త చదివి నేను మూడు రోజులు నిద్రపోలేదు. అడుగు తిరగేసి చూడమని చెప్పే మనిషి ఒక్కడు పక్కన ఉంటే ఎంత బాగుండేది.

ఒక శనివారం మాత్రం నా శాస్త్రం కాస్త తడబడింది. బిల్లు కౌంటర్లో కొత్తగా చేరిన పెద్దావిడ నా మగ్గుని అటూ ఇటూ తిప్పి, ‘ఈయన ఎవరో తెలుసా మీకు?’ అని అడిగింది. ‘1960లు, జపాన్’ అన్నాను, పరీక్షలో మొదటి బెంచీ కుర్రాడిలా. ‘అది కాదు, ఎవరు అని’ అంది. వాళ్ళమ్మ వాళ్ళది హవాయిలో హిలో అట. అక్కడ అద్దెలు భరించలేక ఇటు వచ్చేశారట. 2020 లెక్కల ప్రకారం హవాయి మూలవాసుల్లో సగం మందికి పైగా ఇప్పుడు ఆ దీవుల్లో లేరు. నేను తడుముకుంటుంటే ఆవిడ ఇంకేం అడగలేదు. మగ్గుని పాత పేపర్లో జాగ్రత్తగా చుట్టి, మొహం కిందికి ఉండేట్టు సంచిలో పెట్టింది. సీనియర్ సిటిజన్ డిస్కౌంట్ ఉందా అని అడిగింది. నాకు 47.

కిందటి వారం ఆకు ఆకారంలో ఉన్న చెక్క పళ్ళెం దొరికింది. మంకీపాడ్ చెక్క, హవాయి అని బంగారు రంగు స్టిక్కరు. 12 డాలర్లు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఫిలిప్పీన్స్ అని ఇంకోటి. అంటే నికార్సైన అసలు నకిలీ. ఆ సంతోషంలో రాజమండ్రికి వీడియో కాల్ చేశాను. అమ్మ వెనకాల అల్మరా చూసి, ‘ఆ దిష్టిబొమ్మలన్నీ ఇంట్లో ఎందుకు నాన్నా, ఒకటి గుమ్మానికి కట్టి మిగతావి పడెయ్యి’ అంది. నేను పట్టించుకోకుండా మంకీపాడ్ మహిమ వివరించాను. దక్షిణ అమెరికా నుంచి లోకమంతా పాకిన చెట్టు, శాస్త్రీయ నామం సమానియా సమన్, సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకుంటుంది.

‘నిద్రగన్నేరు’ అన్నారు నాన్న.

అప్పటికి ఆ పేరు నేనూ చూసి ఉన్నాను గానీ చెప్పకూడదనుకున్నాను.

‘మన వీధి చివర ఉండేది కదరా, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఆ మొద్దు ఒకటి మన పెరట్లోనే పడుంది. మీ అమ్మ దానిమీద బకెట్ పెట్టుకుంటోంది. పంపించమంటావా?’

బకెట్ తీసి, ఒకసారి తిరగేసి, అడుగున స్టిక్కరేమైనా ఉందేమో చూడమన్నాను.