సరుకు అరలోనే ఉంది, పద్దులో లేదు

గంజాయి మొక్క 8 అంగుళాలు దాటిందంటే వాషింగ్టన్ రాష్ట్రంలో దానికో చీటీ కట్టాల్సిందే. చీటీ మీద ఒక నంబరు. అదే నంబరు సర్కారు కంప్యూటర్‌లోనూ ఉండాలి. ఉంటే అది దుకాణం చేరి 37 శాతం ఎక్సైజ్ పన్ను రాబట్టే పంట. లేకపోతే కేసు పెట్టదగ్గ సరుకు. మొక్క అదే, మట్టి అదే, నీళ్లు పోసే మనిషీ అతనే. కిరాణా కొట్టులో ఒక బియ్యం బస్తా లెక్క తప్పితే అది లెక్క తప్పిన బియ్యం బస్తాగానే మిగులుతుంది. ఇక్కడ అలా కాదు. పద్దులో పేరు లేని మరుక్షణం అది దొంగ సరుకు.

అందుకే ఒక ట్రాకింగ్ వ్యవస్థలోని (మొక్క నుంచి అమ్మకం దాకా సరుకు జాడ పట్టే సర్కారు కంప్యూటర్ పద్దులోని) నిల్వల లెక్కలను మరో వ్యవస్థలోకి మార్చడాన్ని సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అనడం నాకు మింగుడుపడదు. అప్‌గ్రేడ్ అంటే ఫోన్‌లో కొత్త బొమ్మలు రావడం. ఇది వేలమంది సరుకుకు ఉన్న చట్టబద్ధతను మూటగట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం. దారిలో ఏది జారిపడినా బాధ్యత మోసినవాడిది. మోసేది రాష్ట్రం. కాబట్టి పాత లెక్క, కొత్త లెక్క కలిసేదాకా వచ్చే ప్రతి తేడాకూ జవాబు చెప్పాల్సింది రాష్ట్రమే తప్ప లైసెన్సుదారు కాదు.

గంజాయి మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టుకోను. విశాఖ మన్యం నుంచి తరలిపోయే బస్తాల వార్తలు చదివీ చదివీ ఆ పేరు వింటేనే మనకు చిరాకు. అమెరికాలో స్థిరపడుతున్న మనవాళ్లు కూడా ఆ వ్యాపారానికి దూరంగా ఉండటమే మేలు. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, అందులో పనిచేయడం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని అక్కడి వలస విభాగం 2019 ఏప్రిల్‌లోనే తేల్చిచెప్పింది. నాకు ముఖ్యం సరుకు కాదు, లెక్క. ప్రభుత్వం లెక్కల పుస్తకం మార్చినప్పుడు సామాన్యుడికి ఏమవుతుందన్నది ఇంత నగ్నంగా కనిపించే చోటు ఇంకోటి లేదు.

నేపథ్యం ఇదీ. 2012 నవంబరులో వాషింగ్టన్ ఓటర్లు గంజాయిని చట్టబద్ధం చేసే 502వ ఇనిషియేటివ్‌ను (ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదనను) ఆమోదించారు, 2014 జులైలో దుకాణాలు తెరుచుకున్నాయి. ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి అప్పటికీ నిషిద్ధమే. మరి కేంద్రం ఎందుకు ఊరుకుంది? 2013 ఆగస్టు 29న న్యాయశాఖ ఇచ్చిన కోల్ మెమో వల్ల. సరుకు పిల్లల చేతికి, ముఠాల చేతికి, పక్క రాష్ట్రాలకు పోకుండా గట్టి నిఘా పెట్టుకుంటే మేం జోక్యం చేసుకోం అన్నది దాని సారం. ఆ గట్టి నిఘాకు రుజువే విత్తనం నుంచి అమ్మకం దాకా సాగే ఈ ట్రాకింగ్. వాషింగ్టన్‌లో ఆ పనిని బయోట్రాక్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ చేసేది.

ఆ కాంట్రాక్టు 2017 అక్టోబరు 31తో ముగిసింది. ఆ తేదీ ఎవరికీ కొత్తగా తెలిసింది కాదు. అయినా ఆ రోజు వచ్చేసరికి కొత్త వ్యవస్థ సిద్ధంగా లేదు. వారసుడిగా మొదట ఎంపికైన కంపెనీ తప్పుకుంది, ఆ తర్వాత పని ఎంజే ఫ్రీవే అనే మరో కంపెనీకి దక్కింది. అదే ఏడాది జనవరిలో ఆ కంపెనీ మీద సైబర్ దాడి జరిగి, అనేక రాష్ట్రాల్లో దుకాణాల కంప్యూటర్లు మూగబోయాయి. పాత కంపెనీతో గడువు పొడిగింపు ఒప్పందమూ కుదరలేదు. దాంతో 2017 నవంబరు, డిసెంబరు, 2018 జనవరి, ఈ మూడు నెలలూ గట్టి నిఘా అని కేంద్రానికి మాటిచ్చిన రాష్ట్రం స్ప్రెడ్‌షీట్లతో నెట్టుకొచ్చింది. లైసెన్సుదారులు తమ లెక్కలు తామే ఫైళ్లుగా చేసి పంపుకున్నారు.

సరిగ్గా ఆ మూడు నెలల మధ్యలో, 2018 జనవరి 4న, నాటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ కోల్ మెమోను రద్దు చేశారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. నెత్తిన గొడుగు లాగేసిన రోజునే కింద నిలువ నీడ కూడా లేదు. ఆ రోజు ఒక ఫెడరల్ అధికారి వచ్చి ఈ మొక్కల లెక్క చూపించమని అడిగి ఉంటే, ఆ రైతు ఏం చూపించాలి? తన కంప్యూటర్‌లోని ఒక ఫైలు. దాన్ని రాష్ట్రం సరిచూసిందా? సరిచూసే యంత్రమే లేదు. తప్పు అతనిది కాదు, జైలు భయం మాత్రం అతనిదే. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఇక ఆ ఫైళ్ల సంగతి. పాత వ్యవస్థలో ఒక్కో నిల్వకూ 16 అంకెల నంబరు. స్ప్రెడ్‌షీట్‌తో కాస్త పరిచయం ఉన్నవాళ్లు ఈపాటికే ఉలిక్కిపడి ఉంటారు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల నంబరున్న ఫైలును మామూలుగా తెరిచారనుకోండి, చివరి అంకె సున్నా అయిపోతుంది. సేవ్ చేస్తే ఆ సున్నాయే శాశ్వతం. చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న పది ప్యాకెట్లు ఒకే నంబరు మీదికి వచ్చి కూర్చుంటాయి. చేసిన మనిషి ఏ తప్పూ చేయలేదు. ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు, మూసేముందు సేవ్ చేశాడు. అంతే. పది ప్యాకెట్లలో తొమ్మిదింటికి రాష్ట్రం లెక్కలో ఆనవాలు మిగలదు. ఈ సంగతి తెలియక ఫైళ్లు అడగడం ఒక తప్పయితే, తెలిసీ అడగడం అంతకంటే పెద్ద తప్పు.

పైగా ఈ సరుకు నిలకడగా ఉండేది కాదు. కోసిన రోజు ఉన్న తూకం ఆరాక ఉండదు. పచ్చి పూవులో అత్యధిక భాగం నీరే. ఆరేసరికి బరువు నాలుగో వంతుకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగిపోతుంది. మిర్చి ఆరబోసే రైతుకు తరుగు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ డేటాబేస్‌కు తరుగు తెలియదు. అర్ధరాత్రి 12 గంటలకు పాత వ్యవస్థను ఆపి లెక్క తీసుకున్నారనుకుందాం. ఆ క్షణాన తాళ్లకు వేలాడుతూ ఆరుతున్న పంటను ఏ ఖాతాలో రాయాలి? పచ్చిదా, ఎండుదా? మూడు రోజుల తర్వాత కొత్త వ్యవస్థ తెరిచేసరికి అందులోంచి ఎన్నో కిలోలు గాలిలో కలిసిపోయి ఉంటాయి. పాత పద్దులో అది తరుగు. కొత్త పద్దులో అది మాయమైన సరుకు. ఈ చట్టం కింద మాయమైన సరుకు అంటే దారి మళ్లించిన సరుకు అనే అనుమానం.

ఈ బాధ నేను దగ్గరగా చూశాను. పదేళ్ల కిందట ఒక మందుల గోదాము నిల్వలను పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చే పనిలో నేనూ ఉన్నాను. పాతదానిలో లెక్క స్ట్రిప్పుల్లో, కొత్తదానిలో మాత్రల్లో. తెల్లవారుజామున చూస్తే తెర మీద ఒక జ్వరం మందు 40 అని కనిపించింది. అరలో ఉన్నవి 40 స్ట్రిప్పులు, అంటే 400 మాత్రలు. ఇంకో చోట దీనికి తిరగబడిన కేసు: ఎవరో పాతదానిలోనే మాత్రల్లో రాశారు, కొత్తదాంట్లో అది పదింతలైంది. యజమాని తిన్నగా స్టోర్‌కీపర్ మీద పడ్డాడు, నష్టం జీతంలో పట్టుకుంటానన్నాడు. ఆ పెద్దాయన రూళ్ల పుస్తకం ఒకటి తెచ్చి మా ముందు పెట్టాడు. ఏ రోజు ఏ అరలో ఎంత ఉందో చేత్తో రాసుకున్న లెక్క. "నా అరలో ఉన్నది నేను చూపిస్తా, మీ తెర మీద ఉన్నది ఎక్కడుందో మీరు చూపించండి" అన్నాడు. మేం చూపించలేకపోయాం. ఆ పుస్తకమే లేకుంటే ఒక నిర్దోషి దొంగ అయిపోయేవాడు.

వాషింగ్టన్ కథ స్ప్రెడ్‌షీట్లతో ముగిసిపోలేదు. 2018 ఫిబ్రవరి 1న ఎంజే ఫ్రీవే వారి కొత్త వ్యవస్థ లీఫ్ డేటా సిస్టమ్స్ మొదలైంది. మొదలైన రెండు రోజులకే, 3వ తేదీన, ఎవరో చొరబడి ట్రాకింగ్ డేటాబేస్‌ను దించుకుపోయారు. అందులో ఆ కొద్ది రోజుల రవాణా పత్రాల దారి వివరాలు, వాహనాల రకాలు, నంబర్లు ఉన్నాయి. బ్యాంకులు దరిచేరనివ్వక నోట్ల కట్టలతోనే ఎక్కువగా నడిచే వ్యాపారం ఇది. ఏ బండి ఏ దారిన పోతోందన్న వివరం ముక్కూమొహం తెలియని వాళ్ల చేతికి చిక్కడం అంటే డ్రైవర్ ప్రాణానికి ముప్పు. మరోపక్క వ్యవస్థ మొరాయించడంతో రవాణా పత్రాలు సరిగ్గా రాక సరుకు కదలలేదు. పత్రం లేనిదే బండి గేటు దాటకూడదు మరి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సతాయింపే. చివరకు 2021 డిసెంబరులో రాష్ట్రం లీఫ్‌నూ పక్కన పెట్టి, సొంతంగా కట్టుకున్న సీసీఆర్‌ఎస్ అనే రిపోర్టింగ్ వ్యవస్థకు మారింది. లైసెన్సుదారులు వారం వారం ఫైళ్లు ఎక్కించే పద్ధతి అది. 2014 నుంచి 2021 దాకా చూస్తే ఒకే మొక్కల లెక్కకు మూడు పుస్తకాలు.

ఎదుటి వాదన ఒకటుంది, తేలిగ్గా కొట్టేసేది కాదు. రెండు వ్యవస్థలనూ ఒకేసారి నడిపితే ఖర్చు రెట్టింపు అవుతుంది. పాత కంపెనీ గడువు పొడిగింపును అదనుగా తీసుకుని రేటు పెంచుతుంది. తేడాలన్నిటికీ రాష్ట్రమే బాధ్యత వహిస్తే, అసలైన దొంగలు ఆ సందులోంచే సరుకు దాటిస్తారు. ఇది నిజమైన భయమే. కానీ దొంగకు సందు ఇచ్చేది రెండు లెక్కలు ఉండటం కాదు, సరిచూసిన లెక్క ఒక్కటీ లేకపోవడం. వాషింగ్టన్‌లో ఆ మూడు నెలలూ ఉన్నది అదే. రెండు పుస్తకాలూ తెరిచి ఉంటే ఒకదాన్ని ఇంకోదానితో పట్టి చూడొచ్చు, తరుగేదో దొంగతనమేదో తేలుతుంది. డబ్బు మాటకొస్తే, సరుకు అమ్మకం మీద నూటికి 37 తీసుకునే రాష్ట్రం కొన్ని నెలల అదనపు అద్దె కట్టలేనంత పేదది కాదు.

ఈ కథ చదువుతున్నంతసేపూ నా మనసు తెలంగాణ పల్లెల మీదే ఉంది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన అన్నారు. వివాదం ఉందంటూ కొన్ని భూములను పార్ట్-బిలో పెట్టారు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. పాసు పుస్తకం రాని రైతుకు రైతుబంధు రాలేదు, బ్యాంకు అప్పు పుట్టలేదు. భూమి ఎక్కడికీ పోలేదు, గట్లు చెరగలేదు, నాగలి ఆగలేదు. పుస్తకంలో మాత్రం ఆ మనిషి లేడు. అన్నిటికంటే నన్ను బాధించింది వేరే: రికార్డు కొత్త చోటికి మారిన ఆ ఏడాదే, తప్పు దిద్దే తలుపులు మూసేశారు. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. మండల కార్యాలయంలో చెప్పుకుంటే దిద్దే అధికారం తమకు లేదన్నారు. పేరులో ఒక అక్షరం తప్పుకు, విస్తీర్ణంలో కొన్ని గుంటల తేడాకు రైతు మీసేవ నుంచి కలెక్టరేట్ దాకా తిరిగాడు. తప్పు ఎక్కించినవాడిది, తిరుగుడు మాత్రం పట్టాదారుది.

ఇప్పుడు మళ్లీ మార్పు. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు తిరిగి వచ్చింది, దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయినా నా ప్రశ్న మారలేదు. ధరణిలోకి రాకముందు పాత పహాణీలో ఉన్నది, ధరణిలో ఉన్నది, ఇప్పుడు భూభారతిలో ఉన్నది, ఈ మూడింటినీ సర్వే నంబరు వారీగా పక్కపక్కన పెట్టి రైతు చేతిలో ఒక కాగితం పెట్టడానికి ఏమిటి అడ్డు? తేడా ఉన్న చోట దరఖాస్తు రైతు ఎందుకు పెట్టాలి? తేడా కనిపెట్టాల్సింది, నోటీసు ఇవ్వాల్సింది, రుజువు చూపాల్సింది కార్యాలయమే కదా?

అమెరికాలోనూ ఈ ప్రశ్న సద్దుమణగలేదు. ఇల్లినాయ్, న్యూయార్క్ కూడా బయోట్రాక్‌ను వదిలి మెట్రిక్ అనే కంపెనీ వ్యవస్థ బాట పట్టాయి. మెట్రిక్ వ్యవస్థలో మొక్కకో ట్యాగు, ప్యాకెట్టుకో ట్యాగు, ప్రతిదీ మళ్లీ అంటించాలి, మళ్లీ తూచాలి. ఆ పనిచేసేది నలుగురైదుగురు కూలీలతో నడిచే చిన్న సాగుదారు. వాళ్ల కోసం రాష్ట్రాలు చట్టంలోనే రాయాల్సిన మాటలు ఉన్నాయి. మార్పిడి మొదలైన నాటి నుంచి రెండు పుస్తకాలూ కలిసేదాకా పాత వ్యవస్థ చదవడానికైనా తెరిచి ఉండాలి. ఆ కాలంలో తేలిన తేడా మీద జరిమానా వేయకూడదు, లైసెన్సు ముట్టుకోకూడదు. రవాణా పత్రం తెర మీద రాకపోతే కాగితం మీద రాసిన పత్రం చెల్లాలి. ఎక్కించిన ప్రతి వరుసకూ లైసెన్సుదారుకు ఒక ప్రతి ఇవ్వాలి, అతను తన అర ముందు నిలబడి సరిచూసి ఒప్పుకున్నాకే అది అధికారిక లెక్క కావాలి.

ఆ మందుల గోదాములో చివరకు మేం చేసింది ఇదే. పెద్దాయన, నేను ఒక్కో అర దగ్గర నిలబడి స్ట్రిప్పులు లెక్కపెట్టాం. ఆయన పుస్తకం, నా కాగితం. రెండూ కలిసిన వరుస కింద ఆయన సంతకం, నా సంతకం. మూడు నెలలు పట్టింది. చివరి అర మీద రెండు సంతకాలు పడ్డాకే పాత కంప్యూటర్ తీగ పీకారు.