నీళ్ళు నింపడం మరమ్మతు కాదు

ఈరోజు ఉదయం తొమ్మిదిన్నరకు మా ఇంటికి వచ్చిన బాయిలర్ మెకానిక్ సరిగ్గా ఆరు నిమిషాలు ఉన్నాడు. వంటగదిలో అలమర తలుపు తీసి, బాయిలర్‌లో నీటి ఒత్తిడిని, అంటే ప్రెషర్‌ను, బార్‌లలో చూపే ముల్లు 0.3 దగ్గర పడి ఉండటం చూసి, కింద వెండితీగతో జడ అల్లినట్టుండే ఫిల్లింగ్ లూప్, అంటే లోపలికి నీళ్ళు ఎక్కించే గొట్టం, కుళాయిలు రెండూ తిప్పి, ముల్లు 1.5కు రాగానే కట్టేసి, "మళ్ళీ పడిపోతే మీరే ఇలా నింపుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నవంబరు నుంచి ఇలా వచ్చి వెళ్ళినవాళ్ళలో ఇతను మూడోవాడు. మధ్యాహ్నానికి యజమాని తరఫున ఇంటి అద్దె వ్యవహారాలు చూసే లెటింగ్ ఏజెన్సీ నుంచి ఈమెయిల్ వచ్చింది. పని పూర్తయిందట, ఇకమీదట ప్రెషర్ చూసుకోవలసిన బాధ్యత అద్దెకున్నవాళ్ళదేనట. అది చదివినప్పటి నుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేముంటున్నది వందేళ్ళు దాటిన ఇటుకల ఇల్లు. మా పాపకు ఏడు వారాలు. పురిటి సాయానికి మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చింది. మా కాంబి బాయిలరే గదులను వేడిచేస్తుంది, అదే కుళాయికి వేడినీళ్ళిస్తుంది, నిలవ ఉంచే ట్యాంకు వేరే లేదు కనుక ప్రెషర్ అర బార్ కంటే తగ్గి అది ఆగిపోయిందంటే రెండూ ఒక్కసారే పోతాయి. నిన్న పొద్దున అమ్మ పాప ఒంటికి నూనె రాసి, చాచిన కాళ్ళమీద పడుకోబెట్టుకుని, బకెట్ నింపడానికి కుళాయి తిప్పితే మంచులాంటి నీళ్ళు వచ్చాయి. నేను పప్పు వండే గిన్నెలో నీళ్ళు కాచి తెచ్చేదాకా, నూనెతో మెరుస్తున్న పసిగుడ్డును తన చీర కొంగులో చుట్టి గుండెకు హత్తుకుని ఆమె అలాగే కూర్చుంది. ఆ పావుగంట గురించి ఏజెన్సీవాళ్ళకు రాస్తే వాళ్ళు పంపిన జవాబు, ఆ ఆరు నిమిషాల మనిషి.

నాకు అర్థం కానిది ఒక్కటే. గదుల్లో వేడినిచ్చే రేడియేటర్లు, గొట్టాలు, బాయిలర్ కలిసి మూసి ఉన్న వ్యవస్థ. అందులో తిరిగేది ఎప్పుడూ అవే నీళ్ళు. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, ఒకటిన్నర బార్ మధ్య ఉండవలసిన ముల్లు నాలుగు రోజులకోసారి కిందికి దిగుతోందంటే నీళ్ళు ఎక్కడినుంచో బయటికి పోతున్నాయని అర్థం, ఆ దారి వెతకడమే మెకానిక్ పని. మన ఊళ్ళో సైకిల్ షాపు కుర్రవాడైనా ట్యూబును నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ లేస్తోందో చూడకుండా గాలి మాత్రమే కొట్టి పంపడు. పైగా కొత్త నీళ్ళు ఎక్కించిన ప్రతిసారీ వాటితోపాటు ప్రాణవాయువు లోపలికి వెళ్ళి రేడియేటర్ల ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పే నల్లటి బురదై అడుగున పేరుకుంటుంది, తుప్పును ఆపడానికి ముందు పోసిన మందు కూడా పలచబడిపోతుంది. ఉత్తగా నింపుకుంటూ పోవడం వ్యాధిని పెంచే వైద్యం.

మా ఇంట్లో ఆ దారి ఎక్కడుందో నేను చెప్పగలను, ఎందుకంటే మూడు వారాలుగా ముల్లును రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పెట్టుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు 1.3 ఉండే ముల్లు, హీటింగ్ వేసిన ముప్పావుగంటకు దాదాపు 3 దాకా ఎక్కుతోంది. పది డిగ్రీల నీళ్ళు ఎనభైకి చేరితే దాదాపు మూడు శాతం పెరుగుతాయి. వ్యవస్థలో వంద లీటర్లుంటే మూడు లీటర్ల నీటికి అదనంగా చోటు కావాలి. ఆ చోటు ఇవ్వడానికే బాయిలర్‌లో ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, దానికి ఒకవైపు గాలి, రెండోవైపు నీళ్ళు. గాలి దిగిపోయినా పొర చిరిగినా పెరిగిన నీటికి చోటుండదు, ప్రెషర్ 3 బార్ దాటగానే రిలీఫ్ వాల్వ్ కుక్కర్ సేఫ్టీ వాల్వ్‌లాగా తెరుచుకుని నీళ్ళను ఒక రాగి గొట్టం గుండా గోడ బయటికి, పెరట్లోకి వదిలేస్తుంది. రాత్రి చల్లబడ్డాక ముల్లు పాతాళానికి పడిపోతుంది. ఒకసారి తెరుచుకున్న వాల్వ్ నలుసు అడ్డుపడి సరిగా మూసుకోకపోవడం కూడా మామూలే, కనుక ఆ రెండింటినీ కలిపే చూడాలి.

ముల్లు అంత ఎక్కకుండా నెమ్మదిగా దిగుతూ ఉంటే కథ వేరు, అప్పుడు రేడియేటర్ వాల్వ్‌ల దగ్గర, తువాలు ఆరేసే కడ్డీల దగ్గర టిష్యూ కాగితంతో ఒక్కో అతుకూ అద్ది చూడాలి. బాయిలర్ కింది వాల్వ్‌లు కట్టేసి రాత్రంతా ఉంచితే లోపం బాయిలర్ పెట్టెలో ఉందో గొట్టాల్లో ఉందో తెల్లారేసరికి తెలిసిపోతుంది. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు, అరగంట ఓపిక ఉంటే చాలు. కానీ పెట్టె మూత నేను తీయలేను. గ్యాస్ పనులకు అర్హులైనవాళ్ళ జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే చేయవలసిన పని అది, చేతగాక కాదు, చట్టం అలా ఉంది కనుకే వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాను. వచ్చిన ముగ్గురిలో ఒక్కడు కూడా పెరట్లోకి అడుగుపెట్టి ఆ రాగి గొట్టం కొన వంక చూడలేదు.

ఇదే ఊళ్ళో మేమున్న పాత ఇంట్లోనూ ఇంతే జరిగింది, ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. అక్కడ రెండు చలికాలాలు "నింపుకోండి" అంటే నింపుకున్నాం. ఖాళీ చేసేటప్పుడు హాల్లో చెక్కనేల ఉబ్బి, గోడ అడుగున బూజు పట్టి ఉంటే, అక్కడి ఏజెంటు "మీ వంటల ఆవిరి వల్ల" అని రాసి మా డిపాజిట్‌లోంచి 340 పౌండ్లు కోసేశాడు. నెల తరువాత ఆ ఇంట్లోకి వచ్చిన కుటుంబం చెప్పింది, నేల పలకలు లేపితే రేడియేటర్ గొట్టం అతుకు దగ్గర చిల్లు కనబడిందని. రెండేళ్ళు మేము పోసిన నీళ్ళన్నీ ఆ నేలలోకే ఇంకాయి, చారు పోపు మీద నింద పడింది. డిపాజిట్ భద్రపరిచే పథకంలో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చని అప్పుడు మాకు తెలియదు. మా వంటను చూపించి తప్పు మామీదికి తోసిన ఆ మాట ఈరోజుకీ గుచ్చుకుంటుంది.

అందుకే ఈసారి ఊరుకోను. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం హీటింగ్‌నూ వేడినీళ్ళ ఏర్పాటునూ పనిచేసే స్థితిలో ఉంచవలసింది ఇంటి యజమాని. "సెప్టెంబరులో గ్యాస్ సర్టిఫికెట్ వచ్చింది కదా" అని ఏజెన్సీ అంటోంది. ఏటా చేసే ఆ తనిఖీ గ్యాస్ ప్రమాదం లేదని చెప్పేదే తప్ప, సర్వీసింగ్ కాదు, వెసెల్‌లో గాలి ఉందని హామీ కూడా కాదు. ఇక్కడ అద్దెకుంటున్న మనవాళ్ళకు నా మనవి, ఫోన్లో చెప్పకండి, తేదీలతో, ముల్లు ఫోటోలతో రాతపూర్వకంగా పంపండి.

సాయంత్రం ఆరింటికి పెరట్లోకి వెళ్ళి, గోడవైపు వంగి ఉన్న ఆ రాగి గొట్టం కొనకు ఒక ప్లాస్టిక్ సంచి రబ్బరు బ్యాండుతో కట్టాను. గొట్టం కింద ఇటుకల మీద తెల్లటి చార ఒకటి జానెడు పొడవున దిగి ఉంది, ఒక్కరోజులో పడే మరక కాదు అది. హీటింగ్ వేసి, పది గంటలకు టార్చ్ పట్టుకుని వెళ్ళి చూస్తే సంచి అడుగున మూడు గుక్కెళ్ళ నీళ్ళున్నాయి, వెచ్చగా. ఫోటో తీశాను. ఏజెన్సీకి, ఇంటి యజమానికి ఇద్దరికీ పంపాను. రేపు పాప స్నానానికి నీళ్ళు కాచడానికి అమ్మ ఇప్పుడే పెద్ద గిన్నె తోమి పొయ్యి పక్కన బోర్లించింది.