అదే మంచు, రెండు తూకాలు

శీతాకాల ఒలింపిక్స్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ స్వీడన్ క్రీడాకారిణి మాగ్డా జూలిన్ పేరు ఒక వింత కబురులా చేతులు మారుతుంది. 1920లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో మూడు నాలుగు నెలల గర్భంతో ఆమె ఫిగర్ స్కేటింగ్ స్వర్ణం గెలిచారన్న ఒక్క ముక్కను పెట్టె కట్టి వేయడం, పాఠకుల చేత ఔరా అనిపించడం, అంతటితో వదిలేయడం మాతో సహా పత్రికలన్నిటికీ అలవాటైపోయింది. ఆ స్వర్ణం వెనుక ఉన్న తీర్పుల చరిత్రను మాత్రం ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే, మంచు మీద స్త్రీకి ఒక తూకం, పురుషుడికి ఒక తూకం అన్న నాటి పద్ధతి నేటికీ నిబంధనల పుస్తకంలో కూర్చుని ఉన్నదన్న సంగతి బయటపడుతుంది.

ఫ్రాన్స్‌లోని విషీలో 1894లో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో స్వీడన్ చేరిన జూలిన్ గాలివాటుగా గెలిచిన మనిషి కాదు. 1913 ప్రపంచ పోటీల్లో ఆరో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత యుద్ధం వచ్చి 1915 నుంచి 1921 దాకా ప్రపంచ పోటీలే లేకుండా చేసింది. ఒక స్కేటర్‌కు ఒంట్లో బలమూ పాదంలో నేర్పూ కలిసొచ్చే వయసంతా అలా మూతపడిన తలుపుల ముందే గడిచిపోయింది. అయినా 1916, 1917, 1918 జాతీయ పోటీలనూ, 1919 నార్డిక్ పోటీలనూ గెలిచి, పాతికేళ్ల వయసులో ఆంట్వెర్ప్‌కు వెళ్లారు. అవి వేసవి ఒలింపిక్సే. స్కేటింగ్‌ను మాత్రం ఏప్రిల్‌లోనే ఇండోర్ మంచు వేదిక మీద ముగించేశారు.

ఆ రోజుల్లో పోటీ అంటే ముందు మంచు మీద ముగ్గు వేయడమే. ఒంటి కాలి మీద, పాదరక్ష కింది ఇనుప పట్టీ అంచును ఒక పక్కకు వాల్చి, వృత్తాలనూ వంపులనూ చెక్కాలి. గీసిన గీత మీదే మళ్లీ గీత పడాలి. న్యాయనిర్ణేతలు ఆ జాడను చూసి మార్కులు వేసేవారు. స్వేచ్ఛా ప్రదర్శన ఆ తర్వాతే. ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ఒక్కరు కూడా జూలిన్‌ను మొదటి స్థానంలో పెట్టలేదు. అయినా అందరి జాబితాల్లోనూ నిలకడగా పైవరుసలో ఉండడంతో ఆమె స్థానాల మొత్తం 12 అయింది; ఈ మొత్తం ఎంత తక్కువైతే అంత మేలు. స్వీడన్‌కే చెందిన స్వెయా నోరేన్‌కు 12.5 వచ్చింది. గర్భవతి గెలిచిందని చెప్పుకొనే వారెవరూ ఈ అర పాయింటు సంగతి చెప్పరు. తప్పు చేయకుండా చివరి దాకా నిలబడటం ఎంతటి విద్యో ఈ అర పాయింటే చెబుతుంది. మరుసటి ఏడాది, 1921లో, ఆమె నార్డిక్ టైటిల్‌ను మళ్లీ గెలిచిన సంగతి అసలే చెప్పరు.

అదే వేదిక మీద కాంస్యం గెలిచిన అమెరికన్ థెరీసా వెల్డ్ సాల్కో జంప్ అనే, గాలిలో చుట్టు తిరిగి దిగే గెంతు చేశారు. అలాంటి గెంతులు ఆడవారికి తగవని న్యాయనిర్ణేతలు ఆమెను మందలించారు. ఆ జంప్‌ను 1909లో మొదట చేసి దానికి తన పేరునే ఇచ్చిన స్వీడన్ స్కేటర్ ఉల్రిక్ సాల్కో అప్పుడు ఎక్కడో లేరు. అదే ఒలింపిక్స్‌లో, పురుషుల పోటీలో, నాలుగో స్థానంలో నిలిచారు. పది ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఆ మనిషికి కీర్తి తెచ్చిన గెంతే, లంగా కట్టుకున్న మనిషి గెంతేసరికి మర్యాద తప్పిన పనైపోయింది. సాల్కో ఆ తర్వాత పన్నెండేళ్లు అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్యకు అధ్యక్షుడిగా కూడా ఉన్నారు.

ఇది ఒక్క రోజు పొరపాటు కాదు. 1902లో లండన్ ప్రపంచ పోటీలకు బ్రిటన్ మహిళ మాడ్జ్ సయర్స్ పేరిచ్చినప్పుడు స్త్రీలు రాకూడదన్న నిబంధన లేదు, ఎందుకంటే స్త్రీ వస్తుందని ఎవరూ ఊహించలేదు. ఆమె సాల్కో తప్ప మిగతా పురుషులందరినీ దాటి రెండో స్థానంలో నిలిచాక సమాఖ్య తలుపు మూసింది. పొడవాటి లంగాల వల్ల పాదాలు కనిపించవన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. స్త్రీలకు విడిగా పోటీ పెట్టడానికి 1906 దాకా ఆగారు. గెలుపు దగ్గరికి రాగానే కొలత మార్చే అలవాటు అక్కడే మొదలైంది.

ఆ అలవాటు పోయిందని నమ్మించడానికి 2021లో సమాఖ్య ‘లేడీస్’ విభాగాన్ని ‘విమెన్’గా మార్చింది. బోర్డు మీద పేరు మారింది కానీ లెక్క మారలేదు. 2022-23 సీజన్ నుంచి వచ్చిన పద్ధతిలో కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడు కళాత్మక అంశాలకు పదేసి మార్కులు వేసి, ఫ్రీ స్కేట్ అనే నిడివైన రెండో ప్రదర్శనలో పురుషులకు 3.33తోనూ మహిళలకు 2.67తోనూ హెచ్చవేస్తున్నారు. మూడింటిలోనూ పదికి పది తెచ్చుకున్న పురుషుడికి దాదాపు 100 వస్తే, అంతే నిష్కళంకంగా స్కేట్ చేసిన మహిళకు 80 దగ్గర ఆగిపోతుంది. అంతకుముందు ఐదు అంశాలున్న కాలంలోనూ పురుషులకు 2.0, మహిళలకు 1.6. అంటే అదే నిష్పత్తి. షార్ట్ ప్రోగ్రామ్ అనే చిన్నదైన మొదటి ప్రదర్శనలో పురుషులకు అనుమతించిన నాలుగు చుట్ల జంప్‌ను మహిళలకు నిషేధించారు. బీజింగ్‌లో 2022 ఒలింపిక్స్ ఫ్రీ స్కేట్‌లో అలాంటి జంప్‌లు ఐదు చేసి చూపించిన రష్యన్ అలెగ్జాండ్రా ట్రుసోవా కూడా షార్ట్ ప్రోగ్రామ్‌లో ఒక్కటీ చేయడానికి వీల్లేకపోయింది.

జంప్‌ల వంటి వాటికి పురుషులకు వచ్చే సాంకేతిక మార్కులు సహజంగానే ఎక్కువగా ఉంటాయి కాబట్టి కళాత్మక మార్కులను వాటికి తగ్గట్టు పెంచక తప్పదని సమర్థకులు అంటారు. పోటీలే వేరైనప్పుడు పోలికెందుకనీ అంటారు. పోటీలు వేరైతే ఒకే గుణకం పెట్టడానికి అడ్డేమిటి? ఎత్తుకు ఎగరడంలో కండబలం తేడా ఉండవచ్చు, సంగీతాన్ని అర్థం చేసుకోవడంలోనూ, అంచు మీద వాలి మలుపు తిరగడంలోనూ ఏ తేడా ఉంది? లేత వయసు ఆడపిల్లల శరీరాలను నాలుగు చుట్ల జంప్‌లు అరగదీస్తాయన్న ఆందోళన నిజమైనదే, దాన్ని మేమూ పంచుకుంటాం. కానీ దానికి మందు వయోపరిమితి. సీనియర్ పోటీలకు కనీస వయసును 17కు పెంచాలని 2022లో సమాఖ్యే నిర్ణయించింది. ఆ తర్వాత పదిహేడు దాటిన యువతికి, తన శరీరం సంగతి తనకు తెలిసిన స్త్రీకి, ఇంకా ఏ జంప్ తగదో చెప్పే అధికారం ఎవరిది?

స్వీడన్ మహిళలకు ఆంట్వెర్ప్ తర్వాత సింగిల్స్‌లో దక్కిన ఒలింపిక్ పతకం ఒక్కటే. 1936లో వివి-ఆన్ హుల్టేన్ కాంస్యం గెలిచారు. చాలా దశాబ్దాల తర్వాత 2011లో స్కేట్ అమెరికా అనే అంతర్జాతీయ పోటీలో విక్టోరియా హెల్గెసన్ కాంస్యం తెచ్చి ఆ దేశానికి మళ్లీ కాస్త ఊపిరి పోశారు. పతకాల లెక్కలు ఏ దేశానికైనా ఎగుడుదిగుడుగానే ఉంటాయి, అందుకు ఎవరినీ నిందించనక్కర్లేదు. కానీ హెల్గెసన్ స్కేట్ చేసిన ప్రతి ప్రదర్శనా ఆ ఎనభై శాతపు తూకం మీదే పడింది.

నిబంధనల పుస్తకంలో 2.67ను కొట్టేసి 3.33 రాయడానికి సమాఖ్య మహాసభకు ఒక పూట చాలు, జంప్ మీద నిషేధం ఎత్తేయడానికి మరో పూట పడుతుంది. లంగా పొడుగు చూసి తలుపు మూసిన వారి వారసులు, గెంతినందుకు మందలించిన వారి వారసులు, ఆ పని చేయకుండా జూలిన్ ఛాయాచిత్రాలు బయటికి తీసి మురిసిపోవడం సిగ్గుచేటు. చేతనైతే లెక్క సరిచేయండి, అంతవరకూ ఆమె పేరెత్తకండి.