రికార్డు మీది గీత గారికి

శ్రీమతి గీత గారికి,

నల్లగొండ నుంచి మీ బాధితుడు రాయునది.

మా నాయిన పోగేసిన గ్రామఫోన్ రికార్డులు అమ్మకానికి పెట్టి నెల దాటింది. 70కి పైగా ఎల్పీలు (పెద్ద ప్లాస్టిక్ రికార్డులు), నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు ఓ డజను (ఇవి మరీ నాజూకు, చెయ్యి జారితే పెంకులే). చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక్కరైనా "ఏం పాటలున్నాయి?" అనలేదు. దాదాపు అందరూ మిమ్మల్నే అడిగారు.

"గీతలున్నాయా అన్నా?"

ఉన్నారు. ఎక్కడో కాదు, ఘంటసాల భగవద్గీత మీదే ఉన్నారు. గీత మీద గీత.

అసలు రికార్డంటేనే గీత కదా. ఒక్కో వైపు అంచు నుంచి నడిమిదాకా చుట్లు తిరుగుతూ పోయే ఒకే ఒక గాడి. ముల్లు బుద్ధిగా దాని వెంట పోతుంటే మీరొచ్చి అడ్డంగా పడుకున్నారు. సన్న గీతలైతే 'టిక్కు'మని ఊరుకుంటాయి. మీరు గోటితో రాస్తే గోరు తట్టుకునేంత లోతు. మీ దగ్గరికి రాగానే ముల్లు గాడి తప్పి వెనక చుట్టులోకి దూకుతుంది. నిమిషానికి 33 చిల్లర చుట్లు, అంటే ప్రతి 1.8 సెకన్లకూ అదే ముక్క. అర్జునుడి సందేహం తీరే లోపు మా ఇంటిల్లిపాదికీ ఆ ముక్క నోటికొచ్చేసింది.

దీనికి నాయిన కనిపెట్టిన మందు రూపాయి బిళ్ల. ముల్లు కాడ మీద పెడితే ఆ బరువుకు మిమ్మల్ని తొక్కుకుంటూ పోయేది. ఆ బరువుకే గాడి అరిగి గొంతు బొంగురుపోయింది. ఆ నష్టం కూడా మీ ఖాతాలోనే రాశాను. నాయిన ఖాతాలో రాయలేను కదా.

గీసి గీసి బేరమాడడం అంటే ఏమిటో మీ వల్లే తెలిసింది. ఒకాయన టార్చ్ వేసి, రికార్డును ఏటవాలుగా వంచి, ఒక్కో గీతకూ యాభై చొప్పున కోసుకుంటూ వచ్చాడు. చివరికి నేనే ఎదురు డబ్బులివ్వాలేమోనని టెన్షన్ పట్టుకుంది. ఇంకొకాయన ఎండలో పెట్టి చూస్తానన్నాడు. మే నెల, నల్లగొండ ఎండ! "వద్దు సార్, అప్పడంలా లేస్తుంది" అని లాక్కున్నాను.

మొన్న వచ్చినతను మాత్రం మీ ఊసే ఎత్తలేదు. మీకు జరిగిన ఆ అవమానానికి నాకే జాలేసింది. హైదరాబాద్‌లో కాఫీ షాపు పెడుతున్నాడట. "మోగకపోయినా పర్లేదన్నా, నల్లగా గుండ్రంగా ఉంటే చాలు, గోడకు కొడతాం." భగవద్గీత ఎత్తి, నడిమి బెజ్జంలోంచి నన్ను చూశాడు. "ఇది కొంచెం పెద్దది చేస్తే గడియారం మిషన్ పడుద్ది."

గడియారం కావాలంటే క్లాక్ టవర్ సెంటర్‌కు పొమ్మన్నాను. పోయాడు, కానీ పోతూ పోతూ వేరేవి పన్నెండు పట్టుకెళ్లాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మంచి రేటే ఇచ్చాడు.

ఆదివారం మిర్యాలగూడ నుంచి ఇంకెవరో వస్తున్నారు. టార్చ్ తెచ్చుకుంటారట. ఆ ఒక్క పూట కాస్త కనబడకుండా ఉందురూ.

ఇట్లు,
రికార్డుల పెట్టె వారసుడు