కొట్టడం వేరు, తగలడం వేరు

నాలుగు వందల ఏళ్ల కిందటి జపాన్ కత్తివీరుడు ముసాషి పేరుతో తిరుగుతున్న పోస్టర్లు చూస్తుంటే మనసు చివుక్కుమంటోంది. నల్లటి బొమ్మ, వాన, ఒంటరిగా నిలబడ్డ కత్తివీరుడు. కింద నాలుగు ముక్కలు: సుఖం కోరకు, ఎవరి మీదా మోహం పెంచుకోకు, విడిపోయినందుకు ఏడవకు. ఇరవై ఏళ్లు నిండని కుర్రాళ్లు వాటిని స్టేటస్‌లో పెట్టుకుని, స్నేహితులతో మాటలు మానేసి, ఇదే క్రమశిక్షణ అనుకుంటున్నారు. ఆ వాక్యాలు ముసాషివే, కాదనను. 'దొక్కోదో' అనే 21 సూత్రాల చిన్న పత్రంలోవి. కానీ అది ఆయన చనిపోవడానికి వారం ముందు రాసిన కాగితం. అరవై ఏళ్ల నడక చివర రాసుకున్నదాన్ని మొదటి పాఠంగా మింగిస్తే అరిగేదెలా? ఆయన చెప్పిన మొదటి పాఠాలు కత్తిని ఏ వేలితో బిగించాలి, మడమ ఎలా వేయాలి అన్నవి. వాటిని ఎవరూ పోస్టర్ చేయరు.

మియమోతో ముసాషి 1584 ప్రాంతంలో పుట్టాడు. తాను హరిమా సీమ యోధుడినని స్వయంగా రాసుకున్నాడు. పదమూడో ఏట అరిమా కిహేయి అనే కత్తివీరుడితో తొలి పోరు. పదహారో ఏట తజిమా సీమకు చెందిన అకియామాతో. ఇరవై ఒకటో ఏట క్యోతో వెళ్లి పేరున్నవాళ్లతో తలపడ్డాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది వచ్చేసరికి అరవైకి పైగా పోరాటాలు, ఒక్కటీ ఓడలేదు. (ఈ వయసులు పాత జపాన్ లెక్కలో ఉన్నాయి. పుట్టగానే ఒకటి అంటారు కాబట్టి మన లెక్కకి ఒకటో రెండో తగ్గించుకోవాలి.) సరిగ్గా ఆ రోజుల్లోనే, 1600లో సెకిగహారా యుద్ధం తర్వాత, ఎందరో ప్రభువులు సీమలు పోగొట్టుకున్నారు. కొలువు లేని సమురాయిలు, అంటే రోనిన్లు, వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. విద్యను పరీక్షించుకుంటూ ఊరూరా తిరిగే ఆచారాన్ని 'ముషా షుగ్యో' అంటారు. అందులో సాధన ఎంత ఉందో కొలువు కోసం వెతుకులాట కూడా అంతే ఉంది.

అందరూ ఇక్కడే ఆగిపోతారు. అరవై గెలుపులు, సున్నా ఓటములు, వీడియో అయిపోయింది. కానీ ఆయన పుస్తకం 'గోరిన్ నో షో' (ఐదు వలయాల పుస్తకం) ముందుమాటలో ఆ లెక్క చెప్పిన వెంటనే వచ్చే మాట అసలైనది. ముప్పై దాటాక వెనక్కి తిరిగి చూసుకున్నాడట. ఆ గెలుపులు విద్య పరాకాష్ఠకు చేరినందువల్ల వచ్చినవి కావని తేల్చుకున్నాడు. పుట్టుకతో వచ్చిన నేర్పు కావచ్చు, అవతలివాళ్ల పద్ధతుల్లో లోపం కావచ్చు అని రాశాడు. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ సాధన చేస్తూ పోతే, దారి అర్థమైంది యాభై దగ్గర. అంటే పోరాటాల లెక్క ముగిశాక మరో ఇరవై ఏళ్లు. పోస్టర్ చేసేవాళ్లకి మొదటి పదిహేనేళ్లే కావాలి. నాకు ఆ ఇరవై ఏళ్లే ముఖ్యం.

ఆ ఆత్మవిమర్శ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే పుస్తకంలో రెండో భాగమైన నీటి చుట్టలో (అందులో ఒక్కో భాగాన్నీ చుట్ట, అంటే చుట్టిన కాగితం, అంటారు) ఒక చిన్న అంశం చదవాలి. 'ఉత్సు' అంటే కొట్టడం, 'అతరు' అంటే తగలడం, ఈ రెండూ వేరని చెబుతాడు. ఎక్కడ, ఎలా కొట్టాలో నిశ్చయించుకుని వేసిన దెబ్బే కొట్టడం. ఊపులో కత్తి వెళ్లి పడితే అది తగలడం. ఎంత గట్టిగా పడినా, అవతలివాడు అక్కడికక్కడే చచ్చినా, అది తగలడమే. మనకి దీనికో చక్కని మాట ఉంది, కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు రాలిందని కాకి గొప్ప చెప్పుకుంటే ఎట్లా? ముసాషి తన అరవై గెలుపుల్ని ఈ జల్లెడలోనే పోశాడని నా నమ్మకం. గెలిచాను సరే, కొట్టానా, తగిలిందా? ఓడిపోయినవాడు ఈ ప్రశ్న వేసుకోవడం మామూలే. ఓటమి ఎరగనివాడు వేసుకోవడమే క్రమశిక్షణ అంటే.

అందరికీ తెలిసిన గన్‌ర్యూ దీవి పోరాటమే చూడండి. 1612లో జరిగిందంటారు. ముసాషి కావాలనే ఆలస్యంగా వెళ్లాడని, పడవలో తెడ్డు చెక్కి కర్రకత్తి చేసుకున్నాడని, విసిగిపోయిన ప్రత్యర్థి సాసాకి కొజిరోని ఒక్క దెబ్బతో పడగొట్టాడని చెబుతారు. ఆలస్యం కథ 'నితెన్‌కి' అనే సంకలనం నుంచి ప్రాచుర్యంలోకి వచ్చింది. అది 1776 నాటిది, పోరాటం అయిన నూటయాభై ఏళ్లకు పైబడి వచ్చింది. ముసాషి పెంపుడు కొడుకు ఇయోరి 1654లో కొకురాలో నిలబెట్టిన రాతి శాసనం మాత్రం ఇద్దరూ ఒకే సమయానికి వచ్చారంటుంది. ముసాషి సంగతి? గోరిన్ నో షోలో ఆ పోరాటం ఊసే లేదు. అరిమా పేరుంది, అకియామా పేరుంది, కొజిరో పేరు లేదు. ఆయన ఒక్క ముక్క కూడా రాయని సంఘటన మీద మనవాళ్లు 'ప్రత్యర్థిని మానసికంగా దెబ్బతీయడం ఎలా' అని పాఠాలు చెబుతున్నారు.

ఇక ఆయన నిజంగా రాసిన వాటికి వద్దాం. ముందు పట్టు. బొటనవేలు, చూపుడు వేలు తేలికగా, తేలుతున్నట్టు ఉండాలి. మధ్యవేలు బిగువూ కాదు, వదులూ కాదు. బిగించాల్సింది ఉంగరం వేలు, చిటికెన వేలు. కొత్తవాళ్లందరూ దీనికి సరిగ్గా తలకిందులుగా పడతారు. బొటనవేలితో, చూపుడు వేలితో పిడిని నొక్కిపట్టి చిటికెన వేలిని గాల్లో వదిలేస్తారు. పై వేళ్లు బిగిసిన వెంటనే మణికట్టు బిగుస్తుంది, దాని వెంట మోచేయి, ఆపై భుజం చెవి దాకా లేస్తుంది. రెండు చేతులతో పట్టినప్పుడు పిడి చివర ఉన్న ఎడమ చేయి పని చేయాలి, పైన ఉన్న కుడి చేయి దారి చూపాలి. కుడి చేయి బలం చూపిస్తే కత్తి కొన పక్కకి తప్పుతుంది, అంచు వాలిపోతుంది. నిజం కత్తి అయితే కోయాల్సింది పోయి పక్కతో కొడుతుంది. గొడ్డలితో కట్టెలు చీల్చినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ముసాషి ఇంకో మాట కూడా అంటాడు: బిగుసుకుపోయిన చేయి చచ్చిన చేయి, బిగుసుకోనిది బతికున్న చేయి. పట్టుకునేటప్పుడు మనిషిని నరకబోతున్నానన్న ఆలోచనతోనే పట్టాలి. అడ్డుకున్నా, తోసినా, నొక్కినా ఆ పట్టు మారకూడదు.

అడుగులు. కాలివేళ్లు కొద్దిగా తేలాలి, మడమ గట్టిగా పడాలి. చిన్న అడుగైనా పెద్ద అడుగైనా మామూలుగా నడిచినట్టే ఉండాలి. ఎగిరే కాలు, తేలే కాలు, పాతుకుపోయిన కాలు, ఈ మూడూ వద్దంటాడు. ఒక కాలే కదిపి రెండోది వదిలేయకూడదు. కొట్టినా, వెనక్కి తగ్గినా, అడ్డుకున్నా కుడి, ఎడమ, కుడి, ఎడమ పడాలి. ఇవాళ కెండో సాధనలో మడమ కొద్దిగా ఎత్తి మునివేళ్ల మీద దూసుకెళ్లడం నేర్పుతారు. అది నున్నటి చెక్క నేల మీద వెదురు కత్తితో ఆడే ఆట, అక్కడ అదే సరి. ముసాషి ఆలోచించింది బురద, వరిమడి, రాళ్ల దారి, ఏటవాలు, జనం గుంపు. అక్కడ ఎగిరితే దిగే చోటు మన చేతిలో ఉండదు.

చూపు గురించి చెప్పింది చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చూపు రెండు రకాలు. 'కెన్' కంటితో చూడటం, 'కన్' లోపలి నుంచి పట్టుకోవడం. కన్ బలంగా, కెన్ బలహీనంగా ఉండాలి. దూరంగా ఉన్నది దగ్గరగా, దగ్గరగా ఉన్నది దూరంగా చూడాలి. కనుగుడ్లు కదపకుండా రెండు పక్కలూ కనబడాలి. దీన్ని కత్తి లేకుండా కూడా అభ్యాసం చేయొచ్చు. ఎదుటివాడి చేతి మీదో కత్తి కొన మీదో చూపు తగులుకుందంటే, వాడు దాన్ని కదిపి మిమ్మల్ని ఆడిస్తాడు.

ఊపు విషయంలోనే ఎక్కువమంది తప్పుతారు. కత్తి బరువు కిలో అటూ ఇటూ ఉంటుంది, అంచు డెబ్బై సెంటీమీటర్ల దాకా. దాన్ని విసనకర్రలాగా, చిన్న చాకులాగా టకటకా ఆడించబోతే దాని దారి చెడుతుందంటాడు ముసాషి. ఆ వేగంతో మనిషి తెగడు. ఊపడానికి వీలయ్యేంత నిదానంగా ఊపాలి. కిందికి కొడితే, పైకి తేవడానికి సులువైన దారిలోనే పైకి తేవాలి. అడ్డంగా కొడితే అడ్డంగానే వెనక్కి రావాలి. మోచేతులు బాగా చాపాలి. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టించడం వెనక కూడా ఇంతే సాదా కారణం. నడుముకి రెండు కత్తులున్నాయి, ఒకటి వాడకుండానే చచ్చిపోవడం సరికాదు. గుర్రం మీద, పరుగులో, జనంలో పొడవు కత్తిని ఒంటి చేత్తో ఆడించాల్సి వస్తుంది. మొదట్లో బరువుగా ఉంటుంది, నిజమే. విల్లు మొదట వంగదు, పొడవాటి బల్లెం మొదట తిరగదు. అలవాటైన కొద్దీ ఆ బలం వస్తుంది.

వేగాన్ని ఆయన అసలు మెచ్చుకోడు. రోజుకి నలభై, యాభై రీ నడిచే వార్తాహరులు ఉండేవారు. ఒక రీ దాదాపు నాలుగు కిలోమీటర్లు. వాళ్లు పొద్దుటి నుంచి రాత్రి దాకా పరిగెత్తరు అంటాడు. చేతకానివాడు రోజంతా పరిగెత్తినట్టు కనబడతాడు గానీ ఊరు చేరడు. చేయి తిరిగినవాడి పని మెల్లగా కనబడుతుంది, అయినా లయ తప్పదు.

ఇక 'పనికిరానిది ఏదీ చేయకు' అనే సూత్రం. భూమి చుట్టలో తన దారిలో నడిచేవాళ్లకి పెట్టిన తొమ్మిది నియమాల్లో ఇది ఆఖరిది. దీన్ని పట్టుకుని పాటలు, బొమ్మలు, పుస్తకాలు మానేయమని చెప్పేవాళ్లున్నారు. అదే తొమ్మిదింటిలో మూడోది అన్ని కళలతో పరిచయం పెట్టుకోమంటుంది, నాలుగోది అన్ని వృత్తుల దారులు తెలుసుకోమంటుంది. ఆయన వేసిన ఇంకు బొమ్మ, ఎండుకొమ్మ మీద వాలిన పిట్ట, ఇవాళ్టికీ ఉంది. ఆ కొమ్మ కింది నుంచి పైకి ఒకే ఊపులో సాగినట్టు కనిపిస్తుంది. సేనాపతి పనిని వివరించడానికి ఆయన ఎంచుకున్నది వడ్రంగి మేస్త్రీని. కణుపుల్లేని, తిన్నటి, చూపుకి బాగున్న కలప ముందు స్తంభాలకి. కొంచెం కణుపులున్నా తిన్నగా బలంగా ఉన్నది వెనక స్తంభాలకి. బలం తక్కువైనా కణుపుల్లేక అందంగా ఉన్నది గడపలకి, తలుపులకి. వంకరైనా బలమున్నది బరువు మోసే చోట. వంకరా, బలహీనతా రెండూ ఉన్నది పరంజాకి, పని అయ్యాక వంటచెరుకుకి. ఏదీ పారేయలేదు చూశారా. మనుషుల్ని దూరం పెట్టమని చెప్పేవాడు ఇలా రాయగలడా?

తొమ్మిదింటిలో మొదటిది మనసులో వంకర లేకుండా ఆలోచించడం. అది మొదట ఉండటానికి కారణం ఉంది. మనల్ని మనం మోసం చేసుకుంటే మిగతా ఎనిమిదీ పనిచేయవు. 1638లో షిమబరా తిరుగుబాటు కోట ముట్టడిలో తనకి రాయి తగిలి కాలికి దెబ్బైందని ఆయనే ఒక ప్రభువుకి ఉత్తరం రాశాడు. ఓటమి ఎరగని వీరుడు ఆ సంగతి దాచుకోలేదు.

సామూహిక ప్రతిజ్ఞలు, నలభై రోజుల ఛాలెంజ్‌లు, తప్పితే జరిమానాలు ఇప్పుడు ఫ్యాషన్. ఇతర పద్ధతుల్ని విమర్శించే గాలి చుట్టలో ముసాషి స్పష్టంగా అంటాడు: విద్య నేర్పేటప్పుడు ప్రమాణపత్రాలు, శిక్షల ఒప్పందాలు తనకి ఇష్టం లేదని. నేర్చుకునేవాడి బుద్ధిని బట్టి, త్వరగా అర్థమయ్యేది ముందు నేర్పాలంటాడు. ఆయన లెక్క వేరు. వెయ్యి రోజుల సాధన 'తన్', పదివేల రోజుల సాధన 'రెన్'. మొదటిది మూడేళ్లకి కాస్త తక్కువ, రెండోది ఇరవై ఏడేళ్లు దాటుతుంది. నలభై రోజులంటే ఇందులో ఎంత?

దొక్కోదో సంగతి చెప్పి ముగిస్తాను. ముసాషి 1640లో కుమమోతో చేరి హొసొకావా తదతోషి కొలువులో అతిథిగా ఉన్నాడు. ఇల్లు ఉంది, భత్యం ఉంది, శిష్యులున్నారు. 1643లో ఊరి పక్క కొండలో రెయిగన్‌దో గుహకి వెళ్లి పుస్తకం మొదలుపెట్టాడు. 1645లో, పాత పంచాంగం ప్రకారం ఐదో నెల పన్నెండున దాన్ని శిష్యుడు తెరావో మగొనోజోకి అప్పగించాడు. దొక్కోదో మీద ఉన్నదీ ఆ తేదీయే. పంతొమ్మిదిన చనిపోయాడు. 'ఏ దారిలోనైనా ఎడబాటుకి దుఃఖపడకు' అన్న వాక్యం రాసింది ముసాషి. ఆయన పెంపుడు కొడుకు మికినోసుకే, 1626లో తన ప్రభువు చనిపోతే వెంటనే ప్రాణం తీసుకున్నాడు. ఇంకో కొడుకు ఇయోరి కొకురాలో ప్రభువుకి ప్రధాన ఉద్యోగి అయ్యాడు. బంధాలు లేనివాడు రాసిన వాక్యం కాదది. బంధాలు తెంచుకోవడానికి దాన్ని వాడేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

నిజంగా ఆయన దారిలో ఒక్క అడుగు వేయాలనుకునేవాళ్లు పోస్టర్ తీసేసి ఒక కర్రకత్తి తెచ్చుకోండి. మామూలు బొక్కెన్ 102 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇంట్లో వద్దు, ఎత్తితే ఫ్యానుకి తగులుతుంది. డాబా మీదకి వెళ్లండి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకోండి. మెల్లగా ముప్పై సార్లు చాలు. ఎక్కడ ఆపాలో ముందే అనుకుని ఊపండి. అనుకున్న ఎత్తులో కొన ఆగితే ఒక గీత, ఊపుకి కిందికి జారిపోతే ఇంకో వరసలో గీత పెట్టండి. చిటికెన వేలు వదులవుతోందనిపించగానే ఆ రోజుకి ఆపేయండి, ముప్పై పూర్తికాకపోయినా సరే.